తమదే సామీ

నాకు మర్యాద తెలియదని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. మొన్న మా వీధిలోకి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన పలకరించి పోదామని వచ్చి, అరుగు మీద ఆడుకుంటున్న నా మనవణ్ణి చూసి, ఎవరి బాబండీ అని ముద్దుగా అడిగాడు. మర్యాద తెలిసిన తెలుగువాడైతే "మీవాడేనండీ" అనాలి. నేను "నా కొడుకు కొడుకు" అన్నాను. ఇల్లు సొంతమేనా అన్నాడు. మాదే అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. లోపల్నుంచి కోడలు వచ్చి, మీ ఇల్లే అనుకుని కూర్చోండి అంటూ నేను చెడగొట్టినదాన్ని బాగుచేసింది. కోడలి తప్పేమీ లేదు, మంచి పిల్ల. కానీ ఆ మాట చెవిన పడితే నాకు రోత.

ఈ రోత ఈనాటిది కాదు. మా నాయన మీద పడిన ఒక దావా నాటిది.

మాది కడప జిల్లాలో నాపరాళ్ల నేల. జానెడు మట్టి తీస్తే కింద బండ. ఊళ్లో బావులకు కొదవ లేదు కానీ అన్నీ ఉప్పు నీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, నోట్లో పోసుకుంటే దాహం ఇంకా పెరుగుతుంది. మేము మాలలం. మా తాత కాలంలో కిరస్తానీలమయ్యాం. పేర్లు మారాయి, ఆదివారం వచ్చింది. ఊరికి తూర్పున విడిగా ఉన్న మా గేరి మాత్రం ఉన్నచోటే ఉంది. ఆ గేరిలో, మా ఇంటి వెనక దొడ్లో, మా తాత ఒక బావి తవ్వాడు. గేరి మగవాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారట. బండ పగిలి నీళ్లు పడ్డాక తాత దోసిట్లో పట్టి తాగి చూశాడు, తియ్యగా ఉన్నాయి. మా కష్టాలన్నీ ఆ తీపితోనే వచ్చాయి.

గేరి మొత్తానికీ అదే నీళ్ల ఆధారం. అది లేకపోతే ఆడవాళ్లు వంకకు పోవాలి, ఇసకలో చెలమ తీసి, ఊరిందాకా కూర్చుని, చిప్పతో తోడుకోవాలి. ఎండలు ముదిరాక చెలమలో తడి కూడా ఉండదు. ఇది ముందే చెబుతున్నాను, ఎందుకంటే తరువాత జరిగినదంతా చదివి, ఒక బావి కోసం ఇంత రభసా అని ఎవరికైనా అనిపించవచ్చు. అలా అనిపించినవాడు ఎండాకాలం మా వైపు వచ్చి ఒక పూట ఉండి చూడాలి.

మా దొడ్డిని ఆనుకుని ఊరి పెద్దరైతు చేను ఉండేది. ఆ చేలో ఉల్లిగడ్డ వేసుకోవాలని ఆయనకు చాలాకాలంగా కోరిక. ఉల్లికి ఉప్పు నీళ్లు పనికిరావు. పక్కనే మా బావి. అందులో నీళ్లు ఒక్క చుక్క ఆయన నోట్లో పడితే మైల, స్నానం చెయ్యాలి. అవే నీళ్లు ఆయన మడిలో పారి, గడ్డలై, ఆయన కూరలోకి వస్తే మైల లేదు. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా నాయన నెమ్మదస్థుడు. కాస్త మెట్ట చేను ఉండేది. దాని పని అయ్యాక పెద్దరైతు చేలల్లో కూలికి పోయేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అనేది ఆయన రోజూ పాడే పాట. ఆ మంచి నోటితో ఆయన రోజుకు ఎన్నిసార్లు "తమదే సామీ" అనేవాడో దేవుడికే తెలియాలి. ఊళ్లోవాళ్లలో వాళ్లకు ఇది ముచ్చటైన మర్యాద. ఒక రైతు ఇంకో రైతును ఈ ఎద్దులు ఎవరివి బావా అంటే, మీవే అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. అనకపోతే పోయేదేమీ లేదు. మా గేరివాడు అనకపోతే మాత్రం వీపు పగిలేది. ఎవరిదిరా ఈ మేక అని అడిగినప్పుడు "మాదే" అన్నవాడు పొగరుబోతు. "తమదే సామీ" అన్నవాడు బుద్ధిమంతుడు. మేక ఎవరిదో అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. ఎవరు ఎవరి ముందు వంగాలో ఊరు మరిచిపోకుండా ఉండటానికి ఆ ప్రశ్న అడిగేవారు, అంతే.

నా చిన్నతనంలో ఒకరోజు పెద్దరైతు గట్టు వెంట నడిచి వచ్చి మా దొడ్డి దగ్గర ఆగాడు. వెంట ఆయన పాలేళ్లు ఉన్నారు, నాకు చిన్నాయన వరస అయ్యే మా గేరి మనిషి కూడా ఉన్నాడు. నాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. అమ్మ నీళ్లు చేదుతూ పక్కకు తిరిగి నిలబడింది. ఈ బావి ఎవరిదిరా అన్నాడు పెద్దరైతు. తమదే సామీ అన్నాడు నాయన. నేను నాయన కాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన చేతికర్ర నా వైపు చూపించి, వీడెవరి పిల్లోడురా అన్నాడు. తమ పిల్లోడే సామీ అన్నాడు నాయన. పెద్దరైతు సంతోషంగా నవ్వి వెళ్లిపోయాడు. ఆయన పోయాక నేను అమ్మ దగ్గరికి పోయి, నేను ఆ సామి పిల్లోణ్ణా అని అడిగాను. అమ్మ కూడా నవ్వింది. మాటవరసకు అట్లా అంటారు లేరా అంది.

ఇది జరిగాక చాలా ఏళ్లు గడిచాయి. నేను మిషన్ బడిలో చదువుకుని, పక్క ఊరి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పనిలో చేరాను. పెద్ద యుద్ధం అయిపోయి ధరలు మండుతున్న రోజులు. ఉల్లిగడ్డకు మంచి గిరాకీ వచ్చింది. ఆ వేసవిలోనే కోర్టు బంట్రోతు మా గేరిలో అడుగుపెట్టాడు.

ఆయన కాగితం నాయన చేతికి ఇవ్వలేదు. తగిలితే మైల కదా, గడప ముందరి రాతి మీద పెట్టి, తీసుకుని వేలిముద్ర వెయ్యమన్నాడు. గేరి పెద్దలు చుట్టూ మూగి, ముట్టుకోవద్దు, ముట్టుకోకపోతే దావా లేనట్టే అని నాయనకు బోధించారు. ముట్టుకోకపోతే తలుపుకు అంటించి పోతాను, అప్పుడు మీరు రాకున్నా డిక్రీ అవుతుంది అని బంట్రోతు విసుక్కున్నాడు. ఆ ఒక్క మాటతో మాత్రం ఆయన మాకు మేలు చేశాడు. నేను వంగి కాగితం తీసుకుని చదివాను.

మా ఇల్లూ దొడ్డీ బావీ పెద్దరైతువట. ఆయన తండ్రి దయతలచి మా తాతను అక్కడ ఉండనిచ్చాడట. అది వాది ఆస్తి అని ప్రతివాది పదిమంది ఎదుట పలుమార్లు స్వయంగా ఒప్పుకున్నాడట. ప్రతివాది అంటే మా నాయన. ఒప్పుకోవడం ఏమిటా అని నేను మళ్లీ చదివాను. అప్పుడు వెలిగింది. "తమదే సామీ." ఆ ఊళ్లో తరతరాలుగా మా చేత అనిపించుకున్న ఆ మాటను మూట కట్టి కోర్టుకు పట్టుకుపోయాడు ఆ మహానుభావుడు. తన్ని పలికించిన మాటను ఆస్తిపత్రం చేసుకున్నాడు. దొంగకైనా కాస్త కష్టం ఉంటుంది, గోడకు కన్నం వెయ్యాలి. ఈయనకు ఆ శ్రమ కూడా లేదు.

మా ఇంటికి పట్టా లేదు. ఊళ్లో ఎవరి ఇంటికీ లేదు, అదంతా నత్తం భూమి, ఇళ్లు కట్టుకోవడానికి విడిచినది. కట్టుకుని ఉన్నవాడిదే ఇల్లు. కాబట్టి ఇటూ అటూ నోటిమాటలే సాక్ష్యం.

తాలూకా ఊళ్లో వకీళ్ల దగ్గరికి పోయాం. ఒకాయన అప్పటికే వాది తరఫున ఉన్నాడు. ఇంకొకాయన వాది పేరు వినగానే, ఆయన కూతురి పెళ్లిలో మొన్ననే భోంచేశాను, మీరు రాజీ పడండి అని సలహా చెప్పాడు. మా కిరస్తానీ సంఘం అయ్యగారు లోకపు వ్యాజ్యాలు మనకొద్దు, ప్రార్థన చేద్దాం అన్నాడు. ఆయన ఇంట్లో నీళ్లు మిషన్ బంగళా తొట్టి నుంచి వచ్చేవి. కడపకు పోయి వకీలును పెట్టుకునే తాహతు మాకు లేదు. చివరికి జవాబు నేనే రాయాలని తేలింది.

కోర్టు ముందు వేపచెట్టు కింద ఒక అర్జీలు రాసే ఆయన కూర్చునేవాడు. పద్ధతి ఎలాగో ఆయనే చెప్పాడు. దావాలో ఎన్ని పేరాలుంటే అన్నింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. దేన్ని కాదనకుండా వదిలేస్తే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క. అందుకని కళ్లు మూసుకుని ప్రతిదాని కిందా నిజం కాదు, నిజం కాదు అని రాసుకుంటూ పో అన్నాడు. ఈ బోధ చేస్తూనే వేపచెట్టు మొదట్లో రెండుసార్లు తాంబూలం ఉమ్మాడు. ఆ చెట్టు బెరడు మనిషెత్తు దాకా ఎర్రగా ఉండేది.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను. తాతను దయతలచి ఉండనిచ్చారు, నిజం కాదు. బావి వాది తండ్రి తవ్వించినది, నిజం కాదు. అంతా సాఫీగా సాగింది. ఒప్పుకున్న పేరా దగ్గరికి వచ్చి, ప్రతివాది అలాంటి మాట ఎన్నడూ అనలేదు అని పైకి చదువుతూ రాయబోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్న్యాను గదరా."

"అంటే అన్న్యావులే నాయనా. అనలేదని రాస్తే నీ సొమ్మేం పోతాది?"

"పది మంది ఇన్న్యారు. పైనున్నాయన ఇన్న్యాడు. అన్న మాట అనలేదని నేను యేలిముద్ర ఎయ్యను."

ఎంత చెప్పినా వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అవతల ఆయన నోటికి హద్దు లేదు, ఇవతల ఈయనకు అబద్ధమాడే నోరు లేదు. చివరికి ఇలా రాశాను: ఆ మాట అన్నది నిజమే, అది మర్యాద కోసం అన్నది, మా కులంవాళ్లు అలా అనక తప్పదు, అది హక్కును ఒప్పుకోవడం కాదు. అర్జీల ఆయన అది చదివి పకపకా నవ్వాడు. "నీ గొంతు నువ్వే కోసుకుంటాండావు కదప్పా" అన్నాడు.

ఆ తరువాత వాయిదాల కాలం. కోర్టుకు పోవడమంటే ఏమిటో పోయినవాడికే తెలియాలి. తెల్లవారకముందే జొన్నరొట్టె, ఊరిబిండి మూట కట్టుకుని నడక. అక్కడికి పోయి ఎండలో నిలబడటం. వరండా మీదికి మేము ఎక్కకూడదని ఎక్కడా రాసి లేదు. కానీ ఎక్కితే కోర్టు గుమ్మం దగ్గరి డవాలి బంట్రోతు చూపుతోనే దించేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, లోపలున్న మున్సీఫుగారి కంటే ఈ బంట్రోతే పెద్ద అధికారి. గోడ మూలలన్నీ తాంబూలపు ఉమ్ములు. ప్రహరీ వెనక నుంచి ఉచ్చ వాసన. ఆ వాసనలో నిలబడి, నల్లకోట్లు వేసుకున్నవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని నవ్వుకుంటుంటే చూసేవాళ్లం. వాళ్లలో ఎవరు ఎవరి పక్షమో బయటివాడికి తెలిసేది కాదు. పొద్దు వాలాక, వాయిదా పడిందని ఎవరో పోతూ పోతూ చెప్పేవారు. పెద్దరైతు బండిలో వచ్చి బండిలో పోయేవాడు. దారిలో మమ్మల్ని దాటేటప్పుడు నాయన గట్టు దిగి దండం పెట్టేవాడు. మన మీద దావా వేసినవాడికి దండమెందుకు అని అడిగితే, దావా కోర్టులో గదా, ఇది దారి గదా అనేవాడు.

ఎట్టకేలకు విచారణ రోజు వచ్చింది. మున్సీఫుగారు అరవదేశపు మనిషి. తెలుగు అర్థమయ్యేది కానీ పలకడానికి తడుముకునేవాడు. చెప్పింది తెలుగులో విని, ఇంగ్లీషులో రాసుకునేవాడు. పెద్దరైతుకు లోపల కుర్చీ వేశారు. నాయన ఒక పక్కగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వాకిలి దగ్గర ఉన్నాను. వకీలు లేని ప్రతివాది తన తరఫున తానే మాట్లాడాలి, కొడుకు మాట్లాడటానికి వీల్లేదన్నారు.

పెద్దరైతు ముందు సాక్ష్యం చెప్పాడు. తరువాత ఆయన పాలేళ్లు వచ్చారు. ఇంక ఆ అసహ్యం ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. వాళ్లు దొంగ సాక్ష్యం చెబుతారని ఎదురుచూస్తూ నేను వెళ్లాను. వాళ్లు ఒక్క అబద్ధం ఆడలేదు. ఫలానా దినం మా సామి ఈ బాయి ఎవరిదిరా అన్నాడు, ఇతను తమదే సామీ అన్నాడు, మేము విన్నాం. అంతే, దిగిపోయారు. చివరికి నా చిన్నాయన వరస మనిషి ఎక్కాడు. ఆ నీళ్లు తాగి పెరిగినవాడు, ఆ పొద్దున కూడా ఆ నీళ్లతో మొహం కడుక్కుని వచ్చినవాడు. ఆయనా అదే చెప్పాడు. ఆయనా నిజమే చెప్పాడు. నిజాన్ని ఇంత నీచంగా వాడుకోవచ్చని నాకు అంతవరకూ తెలియదు.

నువ్వు వాదిని ప్రశ్నలు అడగొచ్చు అని మున్సీఫుగారు నాయనకు చెప్పాడు. అప్పటికే నేను నాయన చెవిలో ఒక ప్రశ్న వేసి ఉన్నాను. ఆ దినం మా పిల్లోణ్ణి చూపించి ఎవరి పిల్లోడురా అని అడగలేదా, తమ పిల్లోడే అని నేను అనలేదా, మరి పిల్లవాడూ మీవాడేనా అని అడుగు, అంతే చాలు అన్నాను. దారిలో ఆ మాట చెప్పినప్పుడు నాయన నడుస్తున్నవాడు ఆగిపోయాడు. చెంప మీద కొట్టినట్టు నా వైపు చూశాడు. కొంచెం వెనకగా నడుస్తున్న అమ్మను కంటితో చూపించి, "మీ యమ్మ ఈడనే ఉండాది" అన్నాడు. నాకు అర్థమైంది. మా గేరి ఆడవాళ్ల బిడ్డల మొహాల్లో పెద్దింటి పోలికలు వెతకడం ఊళ్లో మగవాళ్లకు ఒక వేడుక. ఆ వేడుకలోకి తన భార్యను తానే తోసే మనిషి కాడు మా నాయన.

కాబట్టి ఆయన వాది కుర్చీ వైపు తిరిగి, చేతులు జోడించి, "నేనేం అడుగుతా సామీ, తమరికి తెలీనిదేముంది" అన్నాడు. మున్సీఫుగారు దాన్నీ రాసుకున్నాడు. తరువాత నాయన సాక్ష్యం. వాది వకీలు లేచి, బావి ఎవరిదని అడిగితే ఏమన్నావు అని ఒక్క ప్రశ్న వేశాడు. తమదే సామీ అన్న్యాను, అన్నాడు నాయన. వకీలు కూర్చున్నాడు. నాయన తెల్లమొహం వేసుకుని దిగాడు.

అమ్మను కూడా సాక్షిగా రాసి ఉన్నాం, ఏటేటా బావి పూడిక తీయించేది ఆమే కాబట్టి. తల మీద కొంగు కప్పుకుని బోనులోకి ఎక్కింది. పూడిక సంగతి, మోకు సంగతి, గేరివాళ్లు వంతులేసుకుని నీళ్లు చేదుకునే సంగతి చెప్పింది. మున్సీఫుగారు తల వంచుకుని రాసుకున్నాడు. వకీలు కూర్చున్నచోటి నుంచే సగం లేచి, ఏమే, నీ మొగుడు ఈ బావి తమదే సామీ అని వాది ఎదుట అన్నాడా లేదా, అది చెప్పు అన్నాడు.

"అన్న్యాడు సామీ. నేనూ ఇన్న్యా."

వకీలు మళ్లీ కూర్చోబోయాడు. అమ్మ దిగలేదు.

"అదే దినం ఇంకో మాట గూడా అన్న్యాడు. అదీ రాసుకోండి. మా పిల్లోన్ని సూపిచ్చి వీడెవురోడురా అని ఈ సామే అడిగె. తమ పిల్లోడే సామీ అనె మా యింటాయన. వాడు అదో, ఆ వాకిలికాడ నిలబడుండాడు. ఆ మాటతో బాయి ఈ సామిది అయితే, వాడూ ఈ సామి కొడుకే. బాయితో పాటు వాన్నీ తోలకపొమ్మనండి. ఆస్తిలో పాలు పెట్టమనండి."

ఆ దారి మాటలు అమ్మ వినే ఉంటుంది.

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. నా మొహం చూసి, పెద్దరైతు మొహం చూసి, మళ్లీ నా మొహం చూశారు. సంతలో కోడెదూడను చూసినట్టు చూశారు. ముక్కు పోలిక ఉందబ్బా అని వెనక బల్ల మీది నుంచి ఎవడో అన్నాడు. కోర్టంతా ఒక్కసారిగా నవ్వింది. వకీళ్లు నవ్వారు, గుమాస్తా నవ్వాడు, డవాలి బంట్రోతు గోడకు తిరిగి భుజాలు కుదుపుతూ నవ్వాడు. మాకు రాజీ సలహా చెప్పిన వకీలు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. పెద్దరైతు మొహం నల్లబడింది. నాయన నేల చూస్తున్నాడు. అమ్మ మాత్రం బోను కర్రను రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

"నవ్వేదానికి చెప్పలేదు సామీ" అంది మున్సీఫుగారితో.

ఆయన బల్ల మీద చేత్తో కొట్టి నవ్వు ఆపించాడు. మా వైపు కూడా ఇలాగే అంటారు అని తడుముకుంటూ తెలుగులో అన్నాడు. తరువాత చాలాసేపు రాసుకున్నాడు. ఇంకో వాయిదాకు తీర్పు చెప్పాడు. ఆ మాట మర్యాదకు అన్నది, హక్కు ఒప్పుకున్నది కాదు, దావా కొట్టేశాం అన్నాడు. నేను జవాబులో రాసిన మాటలే అవి. కానీ నా కాగితం చదివి ఆయనకు అది తెలియలేదు. అమ్మ తన పరువు తీసి బల్ల మీద పెడితేనే తెలిసింది.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. మేము ఇల్లు చేరేలోపలే కథ మా కంటే ముందు ఊరు చేరింది. సంతకు పోతే, "ఏమప్పా, పెద్దరైతు కొడుకా, పాలు ఎప్పుడు పంచుకుంటాండారు?" అని ముక్కూమొహం తెలియనివాడు అడిగేవాడు. ఊరివాళ్లు సరే. మా గేరిలోనే, అమ్మ దక్కించిన నీళ్లు తాగుతూ, కడవ ఎత్తుకుంటూ, ఆడవాళ్లు కళ్లతో సైగలు చేసుకునేవాళ్లు. సాక్ష్యం చెప్పి వచ్చిన ఆ చిన్నాయన మరునాడే కడవతో వచ్చి, మీ యమ్మ నోరే నోరురా, అని నన్ను మెచ్చుకుని నీళ్లు పట్టుకుపోయాడు. కడవ లాక్కుని పగలగొట్టాలనిపించింది. నీళ్లకు వచ్చినవాణ్ణి ఆపకూడదని తాత పెట్టిన కట్టుబాటు, అందుకని చెయ్యి రాలేదు.

నాయన అమ్మతో మాటలు తగ్గించాడు. కోపం కాదు, అనుమానం అంతకంటే కాదు. ఆయన అనలేని మాట ఆమె అనవలసి వచ్చిందని సిగ్గు. అమ్మ ఎప్పటిలాగే పనులు చేసుకునేది. కొత్తగా చేసినదల్లా ఒక్కటే, నీళ్లకు వెళ్లేటప్పుడు కొంగు కళ్ల దాకా లాక్కునేది.

పెద్దరైతు కడపలో అప్పీలు చేస్తాడని అన్నారు. చెయ్యలేదు. ఒక ఆదివారం పొద్దున, మేము ప్రార్థన గుడికి పోకముందు, గట్టు వెంట నడిచి వచ్చాడు. అదే నడక, అదే చేతికర్ర, వెంట పాలేళ్లు. నాయన బావి ఒరల దగ్గర నిలబడి అమ్మకు సాయంగా నీళ్లు చేదుతున్నాడు. చుట్టూ గేరి ఆడవాళ్లు కడవలతో ఉన్నారు. నేను పళ్లు తోముకుంటూ దొడ్డి గోడ దగ్గర ఉన్నాను. పెద్దరైతు ఆగాడు. ఆయన గొంతులో కోపం లేదు, వక్క నములుతూ హాయిగా అడిగాడు.

"ఏమ్రా, ఈ బాయి ఎవురిది?"

చేదలు ఆగిపోయాయి. ఆడవాళ్లంతా నాయన వైపు చూశారు. మాది అంటే చాలు. కోర్టు ముద్ర వేసి ఇచ్చిన మాట అది, అమ్మ అంత అవమానం పడి తెచ్చిన మాట. అను, అను అని లోపల మొత్తుకుంటున్నాను. నాయన చెయ్యి దానంతట అదే తల మీదికి పోయింది. తలగుడ్డ చంకలోకి వచ్చింది.

"తమదే సామీ" అన్నాడు.

పెద్దరైతు నవ్వలేదు కూడా. తల ఊపి, గట్టు వెంట వెళ్లిపోయాడు. తనకు కావలసినది పట్టుకుపోయాడు. నాకు ఆయన మీద పుట్టిన అసహ్యం కంటే మా నాయన మీద పుట్టిన అసహ్యమే ఎక్కువ, దాచడమెందుకు. నోట్లోని వేపపుల్ల నమిలి ఉమ్మేశాను.

అమ్మ కొంగు వెనక్కి తోసుకుని నాయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"అంత మంది మొగోళ్ల ముందర నేను నోరు తెరిసింది ఏంటికి?"

నాయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదలు.

"నోటికొచ్చేసిందే" అన్నాడు.

అమ్మ ఆయన చేతిలోని మోకు తీసుకుని, చేదను బావిలోకి వదిలి, నిండా నీళ్లు లాగింది. ఒర మీద పెట్టకుండా ఆయన ఎదుటికి పట్టుకొచ్చింది.

"ఇంద, తాగు. నీదే ఈ బాయి."

నాయన దోసిలి పట్టాడు. నీళ్లు చాలావరకు వేళ్ల సందుల్లోంచి కిందికే పోయాయి.